మల్లమ్మ, యాస్మిన్, మొల్ల

బద్వేలును ఆనుకొనే గోపవరం ఉంది. రామాయణం రాసిన మొల్ల ఆ ఊరి ఆడబిడ్డేనని మా పక్క ఎవర్నడిగినా చెప్తారు. నెల్లూరు వాళ్ళు ఒప్పుకోరు. తమ వైపు కూడా గోపవరం ఉంది కాబట్టి మొల్ల తమదేనంటారు. ఈ తగవు పండితుల మధ్య చాలా కాలంగా నడుస్తోంది, ఇప్పట్లో తెగేది కాదు. ఆమె మాత్రం తన ఊరు గోపవరమనీ, తండ్రి ఆతుకూరి కేసన అనీ, శ్రీకంఠ మల్లేశ్వరుడి వరం వల్ల తనకు కవిత్వం అబ్బిందనీ కావ్యం మొదట్లో చెప్పుకుంది.

నాకు ఊరి తగవు కన్నా ఆమె పేరు మీదే ధ్యాస. మొల్ల అంటే పువ్వు. మల్లెల జాతిలోనే ఒక రకం. సంస్కృతంలో దాన్ని కుందం అంటారు. తెల్లటి పలువరుస గల ఆడదాన్ని మన కవులు కుందరదన అన్నది ఈ పువ్వును చూసే. కేసన శివభక్తుడు. మల్లికార్జునుడికి ఇష్టమైన పూల కోవలో పేరు వెదికి బిడ్డకు పెట్టుకున్నాడని చెప్పుకుంటారు. మల్లమ్మ అని పెట్టి ఉండవచ్చు, మల్లిక అని పెట్టి ఉండవచ్చు. ఆ నేల మీద జనం నోట ఉన్న చిన్న మాట తీసుకొని మొల్ల అన్నాడు.

నేను తెలుగు అయ్యవార్ల ఇంట్లో పుట్టి, తెలుగు చెప్పుకునే బతుకుతున్నాను. బడి మొదలయ్యే రోజుల్లో హాజరు పట్టీలో కొత్త పేర్లు రాసేటప్పుడు ఒక్కో పేరు దగ్గర చెయ్యి ఆగుతుంది. మల్లేశ్వరి, మల్లిక, మాలతి, యాస్మిన్, జాస్మిన్. ఒకరు కోమట్ల వీధి నుంచి వస్తారు, ఒకరు మసీదు పక్క నుంచి, ఒకరు చర్చి కాంపౌండు నుంచి. వీళ్ళ అమ్మానాన్నలు ఒకరి పేరు చూసి ఇంకొకరు పెట్టుకున్నది లేదు. అయినా ఇన్ని పేర్లూ మల్లెజాతి పూలవే. ఒకే గదిలో ఒకే బెంచీ మీద మల్లెపువ్వు ఇన్ని భాషల్లో కూర్చొని ఉంటుంది. మొల్ల మాత్రం ఆ పట్టీలో నాకు ఎన్నడూ కనపడలేదు.

మల్లె పేరు లోకమంతా తిరిగిన దారులు వెదికితే రెండు పెద్దవి కనిపిస్తాయి. ఒకటి పారశీక దేశం నుంచి పడమటికి పోయింది. ఇంకొకటి మన దేశం నుంచి తూర్పుకు పోయింది. మొదటిదాని పేరు యాస్మిన్, రెండోదాని పేరు మల్లి.

పారశీకంలో యాసమన్ అనీ యాసమీన్ అనీ అంటారు. క్రీస్తు శకం 1వ శతాబ్దంలో డియోస్కొరిడీస్ అనే గ్రీకు వైద్యుడు, పారశీకులు తెల్లటి పూలను నువ్వుల నూనెలో నానబెట్టి చేసే ఒక పరిమళ తైలం గురించి రాశాడు. దానికి అతను చెప్పిన పేరు యాస్మిన్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. అంటే మనిషి పేరు కాకముందే ఆ మాట సీసాలో ఎక్కి సరుకుగా తిరిగిందన్నమాట. అరబ్బులు ఆ మాటను అట్లే తీసుకున్నారు. వాళ్ళ వెంట అది ఉత్తర ఆఫ్రికాకూ స్పెయిన్‌కూ పోయింది. తుర్కీలో యాసెమిన్, స్పానిష్‌లో హస్మీన్, ఫ్రెంచిలో జాస్మాఁ, ఇటలీలో జెల్సొమీనో. ఆర్మీనియాలో అది హస్మిక్ అయింది. ఈనాటికీ అక్కడ ఆడపిల్లలకు మామూలుగా పెట్టే పేరు అది. ఇటలీ దర్శకుడు ఫెలీనీ 1954లో తీసిన ‘లా స్ట్రాదా’ సినిమాలో అమాయకురాలైన నాయిక పేరు జెల్సొమీనా. ఆ పేరులో మల్లె ఉన్న సంగతి తెలిసి చూస్తే, ఆ పిల్లను సంతల వెంట తిప్పే మొరటు మనిషి చేతిలో ఆమె పడే పాట్లు ఇంకా బాధ పెడతాయి.

పువ్వు పేరు మనిషి పేరు కావడానికి అన్ని దేశాల్లో ఒకే కాలం పట్టలేదు. పారశీక, అరబ్బు, తుర్కీ ఇళ్ళలో ఆడబిడ్డను యాస్మిన్ అనడం పాత అలవాటు. ఇంగ్లండులో 19వ శతాబ్దం చివరి రోజుల్లో ఆడపిల్లలకు పూల పేర్లు పెట్టే మోజు లేచింది. లిలీ, డైసీ, వయొలెట్ ముందు వచ్చాయి, జాస్మిన్ వాటి వెనక నెమ్మదిగా వచ్చింది. 1949లో హాలీవుడ్ తార రీటా హేవర్త్‌కూ ఆగాఖాన్ కుమారుడు అలీఖాన్‌కూ పుట్టిన కూతురికి యాస్మిన్ అని పెట్టారు. ఆ కాలపు పత్రికలన్నీ ఆ పాప ఫోటోలు వేశాయి. అమెరికాలో జాస్మిన్ పేరు 1980లలో బాగా పెరిగింది. 1992లో డిస్నీ వాళ్ళ ‘అల్లాదీన్’ వచ్చాక ఇక తెలియని ఇల్లు లేదు. నిజానికి ఆ పాత అరబ్బు కథలో రాకుమారి పేరు బద్రుల్ బుదూర్. పున్నమి చంద్రులందరిలోకీ పున్నమి చంద్రుడనే భావం. సినిమా వాళ్ళు చంద్రుణ్ణి తీసి పువ్వును పెట్టారు. ఒక్క సినిమా దెబ్బకు ఆ పేరు తెలియని దేశం లేకుండా పోయింది.

ఈ పేరు వెంట పోతుంటే నా మనసు పట్టుకున్న మనిషి ఒకరున్నారు. అల్జీరియా సైన్యంలో మొహమ్మద్ మౌలెస్సెహూల్ అనే అధికారి ఫ్రెంచిలో నవలలు రాసేవాడు. సైన్యంలో ఉండేవాడు తన రాతలు ముందుగా పైవాళ్ళకు చూపించి అనుమతి పొందాలి. అది తప్పించుకోవడానికి తన భార్య పేర్లలో రెండు తీసుకొని యాస్మినా ఖద్రా అని పుస్తకాల మీద వేసుకున్నాడు. చదివేవాళ్ళు ఎవరో అల్జీరియా ఆడమనిషి ధైర్యంగా రాస్తోందని అనుకున్నారు. సైన్యం వదిలి 2001లో నిజం బయటపెట్టాడు. పెట్టినా పేరు మార్చుకోలేదు, ఇప్పటికీ ఆ పేరుతోనే రాస్తాడు. మొగవాళ్ళ పేర్ల చాటున ఆడవాళ్ళు రాసిన కథలు సాహిత్య చరిత్రలో చాలా ఉన్నాయి. పెండ్లాము పేరు నీడన మొగుడు బతికి బట్టకట్టిన కథ అరుదు. ఆ నీడ మల్లెతీగది కావడం నాకు సంతోషం.

ఇక తూర్పు దారి. మల్లిక అనే పేరు బుద్ధుడి కథల్లోనే ఉంది. కోసల రాజు ప్రసేనజిత్తు రాణి మల్లిక, శ్రావస్తిలో మాలలు కట్టే వాళ్ళ బిడ్డ. పూలతోట నుంచి అంతఃపురానికి పోయింది. ధర్మం గురించి బుద్ధుణ్ణి సూటిగా అడిగి తెలుసుకున్న రాణిగా బౌద్ధులు ఆమెను తలుచుకుంటారు. జైనులలో పంతొమ్మిదో తీర్థంకరుడు మల్లినాథుడు. శ్వేతాంబరులు మల్లి ఆడమనిషే అంటారు, దిగంబరులు కాదంటారు. మా కడప జిల్లాలో పెన్న ఒడ్డున దానవులపాడులో జైనుల పాత గుడి ఇసుకలో నుంచి బయటపడింది. కాబట్టి మల్లి పేరు తలుచుకున్నవాళ్ళు ఈ గడ్డ మీద కూడా ఒకప్పుడు తిరిగారు.

బౌద్ధ భిక్షువులూ ఓడల వర్తకులూ ఈ పేరును సముద్రం దాటించారు. చైనాలో మల్లెను మోలి అంటారు. అది మన మల్లిక మాటే అక్కడికి పోయి అట్లా మారిందని భాషావేత్తలు చెప్తారు. మోలి రాయడానికి చైనా వాళ్ళకు రెండు అక్షరాలు కావాలి. అందులో రెండోదైన లి అక్షరం ఆడవాళ్ళ పేర్లలో విరివిగా వాడతారు. లిలీ అనే పేరును చైనా రాతలో చాలామంది ఆ అక్షరంతోనే రాసుకుంటారు. అంటే మల్లిలో సగం చైనా ఆడబిడ్డల పేర్లలో ఉంది, ఆ సగం ఎక్కడినుంచి వచ్చిందో ఆ తల్లులకు తెలియకపోయినా. ‘మోలి హువా’ అంటే మల్లెపువ్వు. ఆ పేరుతో ఒక జానపద గీతం ఉంది. ఇటలీ సంగీతకారుడు పుచ్చిని దాని బాణీని తన ‘తురాందో’ సంగీత నాటకంలో వాడుకున్నాడు. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో పతకాలు ఇచ్చేటప్పుడు వాయించింది కూడా ఆ బాణీయే. ఆ తర్వాత 2011లో ట్యునీసియాలో జనం తిరగబడి అధ్యక్షుణ్ణి దింపితే పత్రికలు దానికి మల్లెల విప్లవం అని పేరు పెట్టాయి. ఆ గాలి తమ దేశానికి సోకుతుందేమోనని చైనా ప్రభుత్వం ఇంటర్నెట్‌లో మోలి అన్న మాటనే అడ్డుకుంది. పడమటి దారిన పోయిన మల్లె, తూర్పు దారిన పోయిన మల్లె ఆ ఏడాది అట్లా ఒకచోట కలుసుకున్నాయి.

థాయ్‌లాండ్‌లో మాలి, కంబోడియాలో మలిస్, ఇండోనేసియా మలేషియాల్లో మెలాతి. ఈ చివరిది మాలతి నుంచి వచ్చింది. అన్నీ ఆడవాళ్ళ పేర్లే. థాయ్‌లాండ్ నుంచి వచ్చే వాసన బియ్యాన్ని ఇంగ్లీషులో జాస్మిన్ అంటారు. ఆ దేశం వాళ్ళు హోమ్ మాలి అంటారు. ఆ సంచి మీద రెండు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి.

మాలతి అనగానే మాలతీ చందూర్ గారు గుర్తుకొస్తారు. ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ప్రమదావనం శీర్షికతో ఎన్ని వేలమంది ఆడవాళ్ళకు మాట సాయం చేశారో! మాలతి అంటే సన్నజాజి అని కొందరూ, జాజి అని కొందరూ అంటారు. భవభూతి ‘మాలతీమాధవం’ నాటి నుంచీ అది నాయిక పేరు. జాజి కూడా సంస్కృతపు జాతి నుంచి ప్రాకృతం మీదుగా మనకు వచ్చింది. మరాఠీ వాళ్ళు దాన్నే జాయి చేసుకొని ఆడపిల్లలకు పెట్టుకుంటారు. వాళ్ళ జుయి, హిందీ వాళ్ళ జూహీ వేరే పువ్వు, యూథిక అనే పాత మాట నుంచి వచ్చినవి. సరే, ఈ చెల్లెళ్ళ లెక్క ఇక్కడితో వదిలేస్తాను, తోట చాలా పెద్దది.

మా సీమలో మల్లె పేరు పువ్వు నుంచి నేరుగా రాలేదు, దేవుడి మీదుగా వచ్చింది. శ్రీశైలంలో చంద్రవతి అనే రాజకుమారి శివలింగాన్ని మల్లెలతో పూజించిందనీ, అందుకే స్వామి మల్లికార్జునుడయ్యాడనీ స్థలపురాణం చెప్తుంది. ఆయన జనం నోట మల్లన్న అయ్యాడు, మల్లయ్య అయ్యాడు. ఆడవాళ్ళు మల్లమ్మలయ్యారు. కర్నూలు, కడప, అనంతపురం పల్లెల్లో ముసలి తరంలో మల్లమ్మ లేని ఇల్లు తక్కువ. మా జేజి పేరూ మల్లమ్మే. రెడ్ల ఇళ్ళలో హేమారెడ్డి మల్లమ్మ కథ తెలియనివాళ్ళు లేరు. అత్తింటి ఆరళ్ళు పడుతూ మల్లన్నను నమ్ముకున్న కోడలు ఆమె. ఇటు తెలుగువాళ్ళూ అటు కన్నడిగులూ ఆమెను తమ మనిషిగానే చెప్పుకుంటారు. శ్రీశైలంలో మల్లమ్మ కన్నీరు అని ఒక చోటును ఇప్పటికీ చూపిస్తారు.

బద్వేలు మీద నుంచి చూస్తే కనపడే లంకమల కొండల్లోనూ ఆ దేవుడే ఉన్నాడు, లంకమల్లేశ్వరుడిగా. కలివికోడి అనే అరుదైన పిట్ట మళ్ళీ దొరికిందని 1986లో లోకమంతా చెప్పుకున్న అడవి ఇదే. అభయారణ్యానికి కూడా స్వామి పేరే పెట్టారు. అంటే సర్కారు కాగితాల మీద కూడా మా కొండలకు మల్లెపువ్వు పేరే ఉంది.

ఆ దేవుడి పేరు పట్టుకొని రాసిన ఆడవాళ్ళు ఇద్దరు నాకు కనిపిస్తారు. 12వ శతాబ్దంలో అక్కమహాదేవి కన్నడ దేశం నుంచి నడిచి శ్రీశైలం వచ్చింది. ఆమె ప్రతి వచనం చివరా చెన్నమల్లికార్జునుడి పేరు ఉంటుంది. ఆ తర్వాత మూడు నాలుగు వందల ఏండ్లకు మా గోపవరంలో మొల్ల, మల్లేశ్వరుడి వరమే తన చదువు అంది. ఒకామె మల్లెను దేవుడి పేరులో పెట్టుకుంది, ఇంకొకామె తన పేరులోనే మోసింది.

ఇక యాస్మిన్ మా దగ్గరికి ఎట్లా వచ్చిందో చూడండి. 1650లో గోల్కొండ వాళ్ళ తరఫున మీర్ జుమ్లా గండికోటను పట్టాడు. సిద్ధవటం, కడప వాళ్ళ చేతికి పోయాయి. వాళ్ళ సేనాని నేక్‌నామ్‌ఖాన్ కడపకు తన పేరు పెట్టుకున్నాడు. తర్వాత మయానా నవాబుల ఏలుబడి. కచేరీ మాటలన్నీ పారశీకంలో నడిచిన కాలం అది. జమాబందీ, తాలూకా, జాగీరు మన రైతుల నోళ్ళలోకి దిగినట్లే ఆ భాషలోని పేర్లూ ఇళ్ళలోకి దిగాయి. యాస్మిన్ ఆ బండిలోనే వచ్చి ఉంటుందని నా నమ్మకం.

పేర్ల విషయంలో మా సీమ మనుషులకు చేతులు పెద్దవి. పీరుకు మొక్కుకుంటే బిడ్డ పుట్టిందని హిందువుల ఇళ్ళలో మస్తానమ్మ, హుసేనమ్మ, దస్తగిరమ్మ అని పెట్టుకుంటారు. దూదేకుల వాళ్ళ ఇళ్ళలో రెండు మతాల పేర్లూ ఒక్క నోట పలుకుతాయి. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముసల్మానులు వచ్చి వెంకటేశ్వర స్వామికి టెంకాయ కొట్టి పోతారు. స్వామి భార్య బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అని వాళ్ళ లెక్క. బీబీ వాళ్ళ మాట, నాంచారి తమిళం నుంచి వచ్చిన మాట, అమ్మ మన మాట. ఒక్క పేరులో ముగ్గురు కలిశారు.

పోయిన ఎండాకాలంలో ఒక సాయంత్రం నాలుగు రోడ్ల దగ్గర పూలమ్మే అక్క ముందు నిలబడి ఉన్నాను. బద్వేల్లో ఎండ దిగిపోయినా నేల సెగ దిగదు. ఆమె గోనెసంచి తడిపి దాని మీద మల్లెమొగ్గలు పోసి పెట్టుకుంది. అరటినారను కాలి బొటనవేలికి చుట్టి, రెండు మొగ్గలు ఇటు రెండు అటు తలకిందులుగా పెట్టి, నార ఒక చుట్టు తిప్పి లాగి బిగిస్తోంది. కళ్ళు చేతుల మీద లేవు, రోడ్డు మీద ఉన్నాయి. బుర్ఖా వేసుకున్న ఒకామె చిన్న పాపను ఎత్తుకొని వచ్చింది.

“ఎన్ని మూరలు కావల్ల మా?” అంది పూలక్క.

“రెండియ్యక్కా. పాపకు ఓ చిన్న ముక్క తెంపియ్యి, ఇంట్లో ఉండలేదు, పూలు పూలంటాది.”

పూలక్క మోచేతి నుంచి వేలికొస దాకా కొలిచి, ఇంకో రెండు వేళ్ళు కలిపి తెంపింది. “పాప పేరేంది మా?”

“యాస్మిన్.”

“అంటే?”

“మల్లెపువ్వేనంట. వాళ్ళ నాయన పెట్టినాడు.”

“మా కోడలు పేరు మల్లేశ్వరి” అంది పూలక్క, దండ పొట్లం కడుతూ. “నువ్వుండు, పాపకిచ్చిన దానికి డబ్బులొద్దులే.”

ఆమె పెద్ద మాటేమీ అనలేదు. పేరు విన్నది, లోపల ఏదో లెక్క సరిపోయింది, డబ్బులు వద్దంది. అంతే. పేర్లు దేశాలు దాటి తిరిగేది పండితుల పుస్తకాల్లో అయితే, అవి ఇల్లు చేరేది ఇట్లాంటి చోట. నేను నా మూర తీసుకొని వచ్చాను.

సినిమా వాళ్ళు కూడా ఈ మల్లి పేరుకు ఎంతో చేశారు. బి.ఎన్. రెడ్డి గారు మా కడప జిల్లా కొత్తపల్లిలో పుట్టినాయన. 1951లో ‘మల్లీశ్వరి’ తీశాడు. భానుమతి మల్లిగా, ఎన్.టి. రామారావు నాగరాజుగా, కృష్ణదేవరాయల కాలం కథ. దేవులపల్లి కృష్ణశాస్త్రి ఆ సినిమాతోనే చిత్రసీమకు వచ్చాడు. ఆ సినిమాను 1953లో చైనా భాష ఉపశీర్షికలతో చైనాలో ఆడించారు. ఎప్పుడో వెయ్యేండ్ల కిందటే మోలిగా ఆ దేశం చేరిన మల్లి, కడప మనిషి చేతి మీదుగా తెలుగు పిల్లగా ఇంకోసారి అక్కడికి పోయింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లేశ్వరి 240 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. ఆ రోజు మల్లేశ్వరి అనే పేరును ప్రపంచంలో ఎన్ని భాషల వార్తాహరులు పలకడానికి నోరు తిప్పుకున్నారో.

యాస్మిన్‌కు రాజులూ అత్తరు వర్తకులూ హాలీవుడ్డూ ఉన్నారు. మల్లికి బుద్ధుడూ మల్లన్నా మల్లేశ్వరీ ఉన్నారు. మరి మొల్లకు ఎవరున్నారు?

మొల్ల మాటకు చుట్టాలు లేక కాదు. తమిళంలో ముల్లై, మలయాళంలో ముల్ల, కన్నడంలో మొల్లె. నాలుగు దక్షిణాది భాషల్లోనూ ఉన్న పాత మాట అది. సంగం కాలపు తమిళులు నేలను అయిదుగా విభజించి అడవీ పశువుల మేత భూములకు ముల్లై అనే పేరు పెట్టారు. ఆధారం లేక గాలికి ఊగుతున్న ముల్లై తీగను చూసి, అది పాకడానికని పారి అనే చిన్న రాజు తన రథాన్నే వదిలిపోయాడట. తమిళులు ఆ కథ ఈనాటికీ పిల్లలకు చెప్తారు. శ్రీలంకలో ముల్లైతీవు అనే ఊరు ఉంది. ఇంత వంశం ఉన్న మాట మన దగ్గర మనిషి పేరుగా ఒక్కరితోనే ఆగిపోయింది.

ఆ ఒక్కరు చిన్న మనిషి కాదు. 15, 16 శతాబ్దాల మధ్యది అంటారు ఆమె కాలం. చదువంటే మొగవాళ్ళ సొత్తు, కావ్యమంటే పండితుల సొత్తు అయిన రోజులు. జనం కుమ్మరి మొల్ల అని పిలుచుకున్న ఈమె సుమారు 870 గద్యపద్యాల్లో ఆరు కాండల రామాయణం రాసింది. నాకు శాస్త్రాలు తెలియవు, వ్యాకరణం తెలియదు అని వినయంగా మొదలుపెట్టి, వినగానే అర్థం కాని కవిత్వం మూగచెవిటి వాళ్ళ ముచ్చటలాంటిదని గట్టిగా చెప్పింది. ఎవరికీ అంకితం ఇచ్చి సొమ్ము అడగలేదు, రాముడికే ఇచ్చింది. ఆ సులువైన తెలుగు ఈ కాలంలో చదివినా నిఘంటువు ముందు పెట్టుకొని కూర్చునే పని ఉండదు.

మనం ఆమెను మరిచిపోయామని ఎవరూ అనలేరు. 1970లో పద్మనాభం గారు ‘కథానాయిక మొల్ల’ తీశారు, వాణిశ్రీ మొల్లగా వేసింది. ఆయనదీ మా జిల్లానే, సింహాద్రిపురం. ట్యాంక్‌బండ్ మీద 1986లో నిలబెట్టిన తెలుగు వెలుగుల విగ్రహాల్లో మొల్ల ఉంది. 2017లో తపాలా శాఖ ఆమె పేర స్టాంపు వేసింది. పాఠ్యపుస్తకాల్లో పద్యాలున్నాయి. సభల్లో దండలు పడుతూనే ఉంటాయి. విగ్రహం ఉంది, స్టాంపు ఉంది, సినిమా ఉంది. ఉయ్యాల్లో మాత్రం పేరు లేదు.

మా బంధువుల ఇంట్లో ఆడబిడ్డ పుట్టినప్పుడు ఈ పేరు చెప్పి చూశాను. పాప పుట్టిన నక్షత్రానికి ‘మొ’ అక్షరం కలిసింది కూడా. అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. “పాత పేరు కదా పెదమ్మా” అన్నాడు నాయన. “బడిలో పిల్లకాయలు ఎక్కిరిస్తారేమో” అంది తల్లి. ఒక ముసలాయన అయితే, “అది కుమ్మరోళ్ళ పేరు కదా” అని మెల్లగా అన్నాడు. మొదటి రెండింటికీ నా దగ్గర జవాబు ఉంది. మూడోదే నన్ను ఎక్కువ గాయపరిచింది. మాలలు కట్టే వాళ్ళ బిడ్డ మల్లిక కోసల రాణి అయితే ఆ పేరును రెండున్నర వేల ఏండ్లుగా అన్ని కులాల వాళ్ళూ పెట్టుకున్నారు. కుండలు చేసే ఇంటి బిడ్డ రామాయణం రాస్తే ఆ పేరు మాత్రం ఒక కులం దగ్గరే ఆగిపోవాలా? మల్లిక రాజును పెళ్ళాడి పైకి వచ్చింది, మొల్ల తన చేతి రాతతో వచ్చింది. ఏది గొప్పో నేను వేరే చెప్పనక్కరలేదు.

పాత పేరు అనేదానికి నా జవాబు ఇది. కొత్తగా ఉండాలని ఇప్పుడు అంతర్జాలంలో వెదికి పెడుతున్న పేర్లు చాలావాటికి అర్థం చెప్పమంటే పెట్టినవాళ్ళే తడబడతారు. చివర ‘విక’, ‘విత’ వచ్చేలా అతికించిన పేర్లు ఒక తరగతిలో అయిదారుగురికి ఉంటాయి, ఇంటి పేరు కలిపితే తప్ప ఎవరు ఎవరో తెలియదు. మొల్ల రెండే అక్షరాలు. అమెరికాలో అయినా, అరబ్ దేశంలో అయినా, ఏ భాషవాడైనా తిప్పలు పడకుండా పలుకుతాడు. పువ్వు, చరిత్ర, ఊరు, పుస్తకం ఆ రెండు అక్షరాల్లోనే ఉన్నాయి. బడిలో ఎక్కిరిస్తారన్న భయానికి జవాబు బడిలోనే ఉంది. తన పేరు గల ఆమె తెలుగు వాచకంలో పాఠంగా ఉంటే ఏ పిల్ల తల దించుకుంటుంది? పాఠం చెప్పే అయ్యవారో అయ్యవారమ్మో ఆ పూట ఆ పిల్లను లేపి నిలబెట్టి, ఇదిగో మన తరగతిలోనూ ఒక మొల్ల ఉంది అంటే చాలు.

యాస్మిన్ అనే పేరు కడప జిల్లాకు రావడానికి సైన్యాలు కదిలాయి. మోలి చైనాకు పోవడానికి ఓడలు కట్టారు. మొల్లకు అవేవీ అక్కరలేదు. ఆ మాట ఇక్కడే పుట్టింది, పువ్వు ఇక్కడే పూస్తుంది, పుస్తకం మన ఇళ్ళలోనే ఉంది. కావలసిందల్లా బారసాల నాడు బియ్యం పళ్ళెంలో వేలితో ఆ రెండు అక్షరాలు రాసే ఒక తండ్రి, బిడ్డ చెవిలో ఆ పేరు మూడుసార్లు చెప్పే ఒక మేనత్త.

బద్వేల్లోనో, పోరుమామిళ్ళలోనో, నెల్లూరులోనో, డల్లాస్‌లోనో ఈ ఏడాది ఆడబిడ్డ పుట్టబోయే ఇల్లు మీదైతే, పేర్ల చిట్టాలో దీన్ని కూడా రాసుకోండి. అక్షరం కుదరకపోతే పిలిచే పేరుగా అయినా పెట్టుకోండి. పెట్టాక నాకొక ఉత్తరం ముక్క రాస్తే, ఆ పాపకు మొల్ల రామాయణం ఒక ప్రతి కొని పంపిస్తాను.